తిరిగి వస్తున్నారా? తోట యంత్రాలు అక్కడే అమ్మేయండి, క్యాసెట్లు మాత్రం వదలకండి

మీ ప్రశ్నను ముందు క్లుప్తంగా చెబుతాను, తరువాత చదివేవారికీ ఉపయోగపడుతుంది. పద్నాలుగేళ్లుగా అమెరికాలో డాలస్ దగ్గర ఉంటున్నారు, వచ్చే వేసవిలో కుటుంబమంతా విజయవాడ వచ్చేస్తున్నారు. గ్యారేజీలో వైరుతో నడిచే గడ్డి కోసే యంత్రం ఒకటి, 40 వోల్టుల బ్యాటరీతో నడిచే, గడ్డి అంచులు కత్తిరించే ట్రిమ్మర్, ఆకులు ఊదే బ్లోయర్ ఉన్నాయి. రెండు బ్యాటరీలు కొంటే ఒక పనిముట్టు ఉచితమని దుకాణంలో బేరం నడుస్తోంది కాబట్టి కొమ్మలు కోసే రంపం, కంచె మొక్కలు కత్తిరించే హెడ్జ్ ట్రిమ్మర్ కూడా కొని కంటెయినర్‌లో వేసుకోవాలా అని అడిగారు. మూడు వందల వరకు డీవీడీలు, బ్లూ-రేలు, ఒక పెట్టె నిండా పాత వీహెచ్ఎస్ క్యాసెట్లు ఉన్నాయని, చవకగా అమ్ముతున్న సినిమా డిస్కులు ఇంకొన్ని కొనమంటారా అని రెండో ప్రశ్న.

నేను ఎలక్ట్రికల్ ఇంజినీరును. పదహారేళ్లు అక్కడ ఉండి, 2015లో తెనాలి వచ్చేశాను. ఇంచుమించు ఇవే వస్తువులు మూటగట్టుకుని వచ్చాను. వాటిలో కొన్ని తెచ్చి తప్పు చేశాను, ఒకదాన్ని సరిగా తేలేక ఇప్పటికీ బాధపడుతున్నాను. అందుకే కాస్త పొడుగ్గా రాస్తున్నాను.

వైరుతో నడిచే యంత్రంతో మొదలుపెడతాను, దాని సంగతి తేలిక. అది తేవద్దు. అక్కడి కరెంటు 120 వోల్టులు, 60 హెర్ట్జ్. ఇక్కడ 230 వోల్టులు, 50 హెర్ట్జ్. నేరుగా ప్లగ్గులో పెడితే మోటారు చుట్ట మాడిపోతుంది. ట్రాన్స్‌ఫార్మర్ కొని వాడుకోవచ్చు కదా అంటారు. నేనూ అలాగే అనుకున్నాను. నా యంత్రం మీద 12 ఆంపియర్లు అని ఉండేది. 120 వోల్టుల దగ్గర అది 1440 వాట్లు. మోటారు మొదలయ్యే క్షణంలో దానికి కొన్ని రెట్లు లాగుతుంది కాబట్టి 3000 వాట్ల ట్రాన్స్‌ఫార్మర్ తీసుకోవలసి వచ్చింది. అది ఇరవై కిలోల పైన ఉంది. గడ్డి కోయాలంటే ముందు దాన్ని వరండాలోకి మోయాలి. మూడుసార్లు మోశాక ఆపేశాను.

బరువు ఒక్కటే అయితే ఎలాగో సర్దుకోవచ్చు. చాలామందికి తెలియని ప్రమాదం ఇంకొకటి ఉంది. బజారులో దొరికే ఇలాంటి ట్రాన్స్‌ఫార్మర్లలో ఎక్కువ భాగం ఒకే చుట్టతో చేసినవి. వాటిలో లోపలికి వచ్చే కరెంటుకూ బయటికి వెళ్లే కరెంటుకూ మధ్య వేర్పాటు ఉండదు. ఆ చుట్టలో ఒక చోట తెగితే 120 రావలసిన చోట 230 రావచ్చు. తడి గడ్డి మీద, చేతిలో లోహపు పిడి పట్టుకుని నిలబడి ఉన్నప్పుడు అలాంటిది జరగకూడదు. మీ ఇంట్లో పిల్లలున్నారని రాశారు. ఈ ఒక్క కారణం చాలు, ఆ యంత్రాన్ని అక్కడే వదిలేయడానికి.

ఇక బ్యాటరీ పనిముట్లు. మీ బేరం చూసి మనసు లాగుతోందని నాకు తెలుసు. అందుకే ఇక్కడ కాస్త లోతుకు వెళ్తాను.

బ్యాటరీతో నడిచే ట్రిమ్మర్‌కు దేశం పట్టింపు లేదు. దానికి కావలసింది బ్యాటరీ నుంచి వచ్చే కరెంటు మాత్రమే. పట్టింపు ఉన్నది చార్జర్‌కు. మీ ల్యాప్‌టాప్ చార్జర్ వెనుక చూడండి, ఇన్‌పుట్ అన్న చోట 100–240 అని ఉంటుంది. దాన్ని ప్రపంచంలో ఎక్కడైనా పెట్టవచ్చు. అదే ధైర్యంతో తోట పనిముట్ల చార్జర్‌ను ఇక్కడి సాకెట్‌లో పెట్టిన వారు, మొదటి రోజే పొగ చూసిన వారు నాకు ముగ్గురు తెలుసు. అక్కడ అమ్మే పనిముట్ల చార్జర్లలో చాలావాటి మీద 120 అని మాత్రమే ఉంటుంది. అలాంటి దానికి ఇక్కడ చిన్న ట్రాన్స్‌ఫార్మర్ కావాలి. చార్జర్ మీద రాసిన వాట్లకు రెట్టింపు సామర్థ్యం ఉన్నది తీసుకుంటే వేడెక్కకుండా పనిచేస్తుంది. ప్రయాణాల కోసం అమ్మే అరచేతిలో పట్టే తేలికపాటి కన్వర్టర్లు మాత్రం వాడకండి. అవి జుట్టు ఆరబెట్టే యంత్రాల వంటి వాటి కోసం చేసినవి. ఎలక్ట్రానిక్ చార్జర్లను పాడుచేస్తాయి.

చార్జర్ సమస్య తీరిందనుకుందాం. బ్యాటరీని ఎలా తెస్తారు?

విమానంలో లిథియం బ్యాటరీల నిబంధన వాట్-అవర్ల లెక్కలో ఉంటుంది. వోల్టులను ఆంపియర్-అవర్లతో గుణిస్తే వాట్-అవర్లు వస్తాయి. 100 లోపు ఉంటే చేతి సామానులో తెచ్చుకోవచ్చు. 100 నుంచి 160 మధ్య ఉంటే విమాన సంస్థ అనుమతి ముందుగా తీసుకోవాలి, అదీ మనిషికి విడి బ్యాటరీలు రెండింటి వరకే. 160 దాటితే ప్రయాణికుల విమానంలో తేవడమే కుదరదు. విడి బ్యాటరీని విమానం కింద వేసే చెక్-ఇన్ పెట్టెలో ఎప్పుడూ పెట్టకూడదు. ఇప్పుడు మీ సంగతి చూడండి. డబ్బా మీద 40 వోల్టులు అని పెద్ద అక్షరాలతో ఉన్నా, అది పూర్తిగా చార్జ్ అయినప్పటి అంకె. లోపల పది సెల్లులుంటాయి, ఒక్కొక్కటి నికరంగా 3.6 వోల్టులు, మొత్తం 36. మీ బ్యాటరీ 4 ఆంపియర్-అవర్లదైతే 144 వాట్-అవర్లు అవుతుంది, అనుమతితో తేవచ్చు. బేరంలో ఇస్తున్నవి 5 ఆంపియర్-అవర్లవి అన్నారు. అంటే 180. అవి విమానం ఎక్కవు. 56 వోల్టుల ఈగో బ్రాండు వంటి వాటిలో 5 ఆంపియర్-అవర్ల బ్యాటరీ మీద 280 వాట్-అవర్లు అని రాసే ఉంటుంది.

కంటెయినర్‌లో వేద్దామంటే ఓడ సామానులో లిథియం బ్యాటరీలు తొమ్మిదో తరగతి ప్రమాదకర సరుకు కిందికి వస్తాయి. ఇంటి సామాను తరలించే సంస్థలు చాలావరకు వాటిని ముట్టుకోవు. చెప్పకుండా దుప్పట్ల మధ్య దాచి పంపేవారు ఉన్నారు. దయచేసి ఆ పని చేయకండి. నెలన్నర పాటు ఎండకు కాగే ఇనుప డబ్బాలో మీ సామానుతో పాటు ఇంకో నాలుగు కుటుంబాల సామాను కూడా ఉంటుంది.

తెచ్చాక ఇంకో సమస్య. అక్కడ కొన్ని బ్రాండ్లు ఒకే సంస్థ దుకాణాల్లో దొరుకుతాయి. కోబాల్ట్ అన్నది లోస్ సంస్థ సొంత బ్రాండు, రయోబీ కావాలంటే హోమ్ డిపోకు వెళ్లాలి. తోట బ్యాటరీ బాగా వాడితే నాలుగైదేళ్లకు నీరసిస్తుంది. మన ఎండల్లో ఇంకా ముందే. అప్పుడు అదే ఆకారంలో, అదే పట్టాలతో ఉన్న కొత్త బ్యాటరీ విజయవాడలో ఎక్కడ వెతుకుతారు? వారంటీ కూడా సాధారణంగా కొన్న దేశానికే పరిమితం. ఉచితంగా వచ్చిన పనిముట్టు ఆ రోజుతో గోడకు తగిలించిన బొమ్మ అయిపోతుంది.

అయినా అక్కడి ధరలు వదులుకోలేకపోతే ఒక దారి ఉంది. నేను రెండోసారి వెళ్లినప్పుడు చేసినది ఇదే. రెండు దేశాల్లోనూ అమ్ముడయ్యే 18 వోల్టుల వరుసను ఎంచుకోండి. మకిటా 18 వోల్టుల ‘ఎల్‌ఎక్స్‌టీ’ వరుస బ్యాటరీ అక్కడా ఇక్కడా ఒకటే. బాష్ నీలం రంగు వృత్తి పనిముట్ల 18 వోల్టుల వరుస కూడా అంతే, కాకపోతే బాష్‌లోనే ఆకుపచ్చ రంగు గృహ పనిముట్ల బ్యాటరీ ఈ నీలం వాటికి పట్టదు, అది గుర్తుంచుకోండి. అక్కడ బ్యాటరీ, చార్జర్ లేకుండా పనిముట్టు ఒక్కటే కొనండి. దాన్ని కింద వేసే పెట్టెలో పెట్టండి, ఎందుకంటే ఏడు అంగుళాలు దాటిన పనిముట్లను, రంపాలను అమెరికా విమానాశ్రయాల్లో క్యాబిన్‌లోకి రానివ్వరు. బ్యాటరీలు, 230 వోల్టుల చార్జర్ ఇక్కడ కొనండి. బ్యాటరీ వారంటీ ఇక్కడే ఉంటుంది, పాడైతే ఇక్కడే మార్చుకోవచ్చు. ఒకటి రెండు బ్యాటరీలు అక్కడి నుంచే తేవాలనుకుంటే 18 వోల్టులు, 5 ఆంపియర్-అవర్లు అంటే 90 వాట్-అవర్లు, హద్దు లోపలే. కొనల మీద టేపు అంటించి చేతి సంచిలో పెట్టుకోండి.

కానీ అసలు ఏ పనిముట్టు కావాలి? దీని గురించి మీరు అడగలేదు, నేను అడగాలి. అక్కడ మీ ఇంటి ముందూ వెనుకా కలిపి ఐదారు వేల చదరపు అడుగుల పచ్చిక ఉండి ఉంటుంది. వారం వారం కోయకపోతే కాలనీ సంఘం నుంచి ఉత్తరం వస్తుంది. ఇక్కడ మీరు కట్టుకుంటున్నది రెండు వందల గజాల స్థలంలో ఇల్లు. మెట్లు, కారు నిలిపే చోటు, నీళ్ల తొట్టి పోగా మట్టి కనిపించేది ముప్ఫై గజాలు. దానికి మోటారు యంత్రం అక్కర లేదు. చేత్తో తోసే, చుట్టూ తిరిగే కత్తుల యంత్రం ఒకటి చాలు, గడ్డి కూడా దానితోనే చక్కగా తెగుతుంది. టెక్సాస్‌లో మీరు డబ్బు పెట్టి పరిపించుకున్న బెర్ముడా గడ్డి మన గరికే. ఇక్కడ అది అడగకుండానే వస్తుంది, మొక్కల పాదుల్లోకి కూడా పాకుతుంది. దాన్ని కోయడం కంటే పాదుల అంచున అడ్డుకట్ట వేయడం ముఖ్యం.

ఇక్కడ నిజంగా పని పడేది కంచె మొక్కలతో, కొమ్మలతో. నందివర్ధనం, మందారం, టెంక పెట్టి మొలిపించిన మామిడి, వానాకాలం రాగానే ఇవన్నీ గోడ దాటి పక్కింటిలోకి వెళ్తాయి. కాబట్టి ఇక్కడ కొన్న 230 వోల్టుల హెడ్జ్ ట్రిమ్మర్ ఒకటి, ఐదు వందల వాట్ల దరిదాపుల్లోది, మా ఇంట్లో అన్నిటికంటే ఎక్కువ వాడే యంత్రం. ఆకులు ఊదే బ్లోయర్ కొనకండి. మన వాకిళ్లలో ఆకుల కంటే దుమ్మే ఎక్కువ, అదంతా లేచి పక్కింటివారు ఆరేసిన బట్టల మీద పడుతుంది. కొబ్బరి ఈనెల చీపురు ఆ పనిని శుభ్రంగా చేస్తుంది. పొలం కూడా ఉండి గట్ల మీద కలుపు తీయాలంటే అది వేరే సంగతి, అప్పుడు పెట్రోలు బ్రష్ కట్టరే తీసుకోండి. రోజంతా బ్యాటరీతో నెట్టుకురావడం కష్టం.

ఇంటి విద్యుత్తు పని జరుగుతోందన్నారు కాబట్టి ఒక్క మాట. అక్కడ ఇంటి బయటి సాకెట్లలో కరెంటు లీకైతే వెంటనే ఆపేసే ఏర్పాటు ఉంటుంది, ఐదు మిల్లీ ఆంపియర్ల దగ్గరే తెగిపోతుంది. దానికి అలవాటు పడి ఇక్కడా అలాగే ఉంటుందనుకోకండి. పెరటి సాకెట్‌కు 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (లీకైతే కరెంటును ఆపేసే స్విచ్చు) పెట్టమని మీ ఎలక్ట్రీషియన్‌కు గట్టిగా చెప్పండి. ఆ సాకెట్ 16 ఆంపియర్లది ఉండాలి, పొడిగింపు వైరు కనీసం 1.5 చదరపు మిల్లీమీటర్లది ఉండాలి, మూడో తీగ ఎర్త్ నిజంగా భూమిలోకి వెళ్లిందో లేదో మీరు దగ్గరుండి పరీక్ష చేయించాలి. బ్యాటరీలను 40 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయకూడదు. మే నెలలో మధ్యాహ్నం రేకుల షెడ్డులో చార్జర్ పెట్టకండి, రాత్రి ఇంట్లో పెట్టుకోండి.

మీ దగ్గర ఉన్న యంత్రాలను జూన్ దాకా ఉంచకండి. అక్కడ మార్చిలో గడ్డి చిగురించగానే పాత యంత్రాలు అడిగేవారు వస్తారు. చార్జర్, బ్యాటరీలు, పనిముట్లు కలిపి ఒకే సెట్టుగా అమ్మితే మంచి ధర వస్తుంది.

ఇక వీడియోల సంగతి. ఇక్కడ కూడా ఇబ్బంది అదే తీరులో ఉంటుంది. కరెంటుకు వోల్టులు ఎలాగో, డిస్కుకు రీజియన్ కోడ్, అంటే ఏ ప్రాంతపు ప్లేయర్‌లో ఆడాలో చెప్పే తాళం, అలాగ. డీవీడీలకు అమెరికా, కెనడా 1వ ప్రాంతం, భారతదేశం 5వ ప్రాంతం. బ్లూ-రేలకు అమెరికా ‘ఏ’ ప్రాంతం, మనది ‘సీ’. అక్కడ కొన్న తాళం ఉన్న డిస్కు ఇక్కడ కొన్న ప్లేయర్‌లో ఆడదు. అట్ట వెనుక చిన్న గుర్తు ఉంటుంది, డీవీడీ అయితే భూగోళం బొమ్మలో అంకె, బ్లూ-రే అయితే ఆరు పలకల బొమ్మలో అక్షరం. అన్నిటికీ తాళం ఉండదు, చాలా బ్లూ-రేలు ఎక్కడైనా ఆడతాయి. 4కే అల్ట్రా హెచ్‌డీ డిస్కులకైతే ఈ ప్రాంతాల గొడవే లేదు. చవకగా ఉన్నాయని ఇప్పుడు కొనాలనుకుంటే వాటినే కొనండి, వాటిని ఆడించే ప్లేయర్ కూడా చూసుకోండి. ఆ చవకకు కారణం ఉంది. నెట్‌ఫ్లిక్స్ 2023 సెప్టెంబరులో పోస్టులో డిస్కులు పంపడం మానేసింది, బెస్ట్ బై 2024లో దుకాణాల్లో అమ్మడం మానేసింది.

కాబట్టి ఈ మొత్తం జాబితాలో అమెరికాలో కొని తేవలసిన వస్తువు ఒక్కటే అంటాను, అది మంచి ప్లేయర్. తాళం ఉన్న మీ ‘ఏ’ ప్రాంతపు డిస్కులు అక్కడి ప్లేయర్‌లోనే ఆడతాయి. ఒప్పో 2018లో, శాంసంగ్ 2019లో ఈ ప్లేయర్ల తయారీ నుంచి తప్పుకున్నాయి, దొరికే రకాలు తగ్గుతున్నాయి. ఇన్‌పుట్ దగ్గర 100–240 రాసి ఉన్నది దొరికితే అదే తీసుకోండి. 120 మాత్రమే ఉన్నా భయం లేదు, అది లాగేది ముప్ఫై వాట్ల లోపే, చిన్న ట్రాన్స్‌ఫార్మర్ టీవీ వెనుక కనిపించకుండా ఉండిపోతుంది. హెచ్‌డీఎంఐ తీగతో ఇక్కడి టీవీకి కలిపితే చిత్రం హాయిగా వస్తుంది. కంప్యూటర్ డ్రైవులో చూద్దామనుకునేవారికి ఒక హెచ్చరిక, దాని ప్రాంతాన్ని ఐదుసార్లు మాత్రమే మార్చనిస్తుంది, ఆ తరువాత ఎక్కడ ఆగితే అక్కడే.

డిస్కులు అన్నీ తేవద్దు. ఏ తెర మీదైనా దొరికే ఇంగ్లీషు సినిమాలు అక్కడి గ్రంథాలయానికి ఇచ్చేయండి. పాత తెలుగు సినిమాలవి మాత్రం ఒక్కటి కూడా వదలకండి. అక్కడి మన కిరాణా దుకాణాల్లో అమ్మినవి ఎక్కువగా అన్ని ప్రాంతాల్లోనూ ఆడేవే. మన దగ్గర మోసర్ బేర్ సంస్థ ముప్ఫై నలభై రూపాయలకే డిస్కులు అమ్మిన కాలం ఒకటి ఉంది. ఆ సంస్థ 2018లో మూతపడింది. ఆ సినిమాల్లో కొన్నింటికి ఇప్పుడు దొరుకుతున్న కాపీలు అంచులు తెగిపోయి, పాటలు కోసేసి ఉంటున్నాయి. డిజిటల్‌గా కొన్న సినిమాలను నమ్ముకోకండి. అవి మీ ఖాతా ఏ దేశానిదో దాని మీద ఆధారపడతాయి, కొన్నది సినిమాను కాదు, చూసుకునే అనుమతిని. 2025 జనవరి నుంచి కాలిఫోర్నియాలో ఆ మాట కొనేవారికి స్పష్టంగా చెప్పి తీరాలని చట్టమే వచ్చింది.

చివరిగా ఆ వీహెచ్ఎస్ పెట్టె. మీరు ప్రశ్నలో దాన్ని అన్నిటికంటే చివర రాశారు. నేనైతే ఈ వారాంతమే దానితో మొదలుపెడతాను.

మా అమ్మాయి మొదటి పుట్టినరోజుకు మా అమ్మ తెనాలి నుంచి వచ్చింది. నాలుగు నెలలు మాతో ఉంది. ఆ నాలుగు నెలల్లో మూడు క్యాసెట్లు తీశాను. వంటగదిలో గారెలు వేస్తూ మనవరాలికి చందమామ కథ చెబుతున్నది ఒకదానిలో ఉండేది. ఇక్కడికి వచ్చాక తీరుబడిగా డిస్కులోకి ఎక్కించుకోవచ్చని ఆ పెట్టెను కంటెయినర్‌లో వేశాను. అది వానాకాలంలో మద్రాసు రేవుకు చేరింది, మూడు వారాలు అక్కడే ఉంది. ఇంటికి వచ్చి పెట్టె విప్పితే టేపు మీద తెల్లటి బూజు. అక్కడి క్యాసెట్లు ఎన్‌టీఎస్‌సీ అనే చిత్రం నింపే పద్ధతివి, ఇక్కడి పాత వీసీఆర్లు (క్యాసెట్లు ఆడించే యంత్రాలు) చాలావరకు ‘పాల్’ అనే ఇంకో పద్ధతివి, సరైన యంత్రం వెతికేసరికి ఆరు నెలలు పట్టింది. అప్పటికే పొరలు ఒకదానికొకటి అంటుకున్నాయి. మూడు క్యాసెట్లలో కలిపి ఇరవై నిమిషాలు వచ్చింది. చందమామ కథ రాలేదు. అమ్మ 2012లోనే పోయింది.

వీసీఆర్లు తయారుచేస్తున్న చివరి కంపెనీగా మిగిలిన జపాన్ ఫునాయ్ కూడా 2016 జులైలో ఆపేసింది. ఇక మిగిలినవి వాడినవే. మీకు అక్కడ ఎన్‌టీఎస్‌సీ యంత్రం సులభంగా దొరుకుతుంది, చాలా ఊళ్ల ప్రజా గ్రంథాలయాల్లో క్యాసెట్లను కంప్యూటర్‌లోకి ఎక్కించుకునే గది ఉచితంగా ఇస్తారు. మీ ఊరి గ్రంథాలయానికి ఫోను చేసి అడగండి. రెండు గంటల క్యాసెట్టు ఎక్కడానికి రెండు గంటలూ పడుతుంది కాబట్టి పెట్టె నిండా ఉన్నవాటికి నెలలు పట్టవచ్చు. ముందు క్యాసెట్టును అటు చివరిదాకా, ఇటు చివరిదాకా ఒకసారి తిప్పండి, టేపు వదులవుతుంది. తెల్లటి చుక్కలు కనిపిస్తే యంత్రంలో పెట్టకండి, టేపును చదివే హెడ్లు పాడవుతాయి, మిగిలిన క్యాసెట్లకూ బూజు అంటుతుంది. దాన్ని శుభ్రం చేసేవారికి విడిగా ఇవ్వండి. ఎక్కించినవి రెండు హార్డ్ డిస్కుల్లో పెట్టి, ఒకటి మీ చేతి సంచిలో, ఇంకొకటి మీ ఆవిడ సంచిలో తీసుకురండి. క్యాసెట్లను కూడా పారేయకండి, కంటెయినర్‌లో మాత్రం వేయకండి.

మీ చార్జర్ వెనుక ఇన్‌పుట్ అంకెలు, బ్యాటరీ మీది వాట్-అవర్లు, బ్లూ-రేల అట్ట వెనుక కనిపించే అక్షరాలు ఇక్కడ రాయండి. ఏది తేవచ్చో, ఏది అమ్మేయాలో ఒక్కొక్కటిగా చూసి చెబుతాను. క్యాసెట్ల పని మాత్రం నా జవాబు కోసం ఆపకండి.